ఒక్క డోలు మీద నాలుగు పాటలు

సూర్యాపేటలో మా రికార్డింగు గది ఒక చెప్పుల దుకాణం పైన ఉంటుంది. జానపద పాటలు చేసి యూట్యూబులో పెట్టడం నా పని. మూడేళ్ల కిందట పని లేని వానాకాలంలో జమైకా వాళ్ల రెగె ఆల్బమ్ ఒకటి విన్నాను. పాటలు వేరు, పాడినవాళ్లు వేరు. వెనక వాయిద్యం మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే. అక్కడ అది మామూలేనట, ఒకే దరువు మీద ఎవరి పాట వాళ్లు పాడుకుంటారట. మనమూ ఒకటి చేద్దామనిపించింది.

కోదాడ పక్క అనంతగిరిలో గొర్లు కాసుకునే ఒక పెద్దాయన డోలు బాగా వాయిస్తాడని విని పిలిపించాను. అరగంటలో వాయించి వెళ్లిపోయాడు. మంద వెనక మనిషి నడిచినట్టు నిదానంగా సాగే దరువు. నేను కీబోర్డు మీద రెండు మూడు స్వరాలు మాత్రం కలిపాను.

దాని మీద నలుగురు పాడారు. కోదాడ టీచరు బడి మీద పాడాడు, మఠంపల్లి రైతు కృష్ణానది ఒడ్డు గురించి, మా వీధి ఆటో డ్రైవరు తన ప్రేమ మీద. నాలుగో ఆమె మిర్యాలగూడ రైస్ మిల్లులో కూలి. హెడ్‌ఫోన్ పెట్టుకుని, దరువు మొత్తం అయిపోయేదాకా నోరు తెరవలేదు.

"ఏమైందక్కా?" అన్నాను.

"ఏం కాలె. డోలు కొట్టేటాయన ఏం చెప్తున్నడో జర ఇననీ."

దరువు రెండోసారి పెట్టినప్పుడు పాడింది. పదేళ్లు తన పక్కన వడ్లు ఆరబోసి, పోయినేడు చనిపోయిన స్నేహితురాలి మీద పాట. పాడడం అయ్యాక మంచినీళ్లు అడిగి, బస్సుకు టైమవుతుందని దిగిపోయింది.

వారం తర్వాత పెద్దాయన వినడానికి వచ్చాడు. మూడు పాటలు అయ్యేసరికి ముఖం ముడుచుకున్నాడు.

"డోలు నాదే. పాటలేమో వాళ్లయి. ఇందుల నేనేడున్న బిడ్డా?"

నాకు సిగ్గనిపించింది. ఇన్ని రోజుల్లో ఆయన్ని ఒక్క మాట అడగలేదు. నాలుగో పాట పెట్టాను. తల వంచుకుని విన్నాడు.

"ఈమె నా డోలు ఇన్నది," అన్నాడు.

"అయిదోది నువ్వు పాడు పెద్దయ్యా."

"నాకు పాట రాదు. ఉట్టి డోలు పెట్టు. ఎవ్వరు పాడొద్దు."

అట్లాగే అయిదూ యూట్యూబులో పెట్టాను. ఆటో డ్రైవరు ప్రేమ పాటను జనం బాగానే విన్నారు. ఉట్టి డోలును ఎవరూ పట్టించుకోలేదనే అనుకున్నాను.

రెండు నెలలకు మిల్లు ఆమె నాకొక వీడియో పంపింది. అన్నం తిన్నాక ఆడవాళ్లు వడ్ల కళ్లంలో కూర్చున్నారు. ఫోన్లో ఆ ఉట్టి డోలు మోగుతోంది. ఎర్రచీర కట్టిన ఒకామె అత్త మీద, ఇంకొకామె చేను మీద, అప్పటికప్పుడు కట్టుకుని వంతులవారీగా పాడుతున్నారు. మధ్యలో నవ్వులు.

మర్నాడు పొద్దున అనంతగిరి వెళ్లాను. పెద్దాయన గొర్రెపిల్లకు మందు తాగిస్తున్నాడు. చేతులు తుడుచుకుని ఫోన్ తీసుకున్నాడు. మూడుసార్లు చూశాడు. నవ్వలేదు గానీ, వేళ్లు మోకాలి మీద దరువు వేస్తూనే ఉన్నాయి.

"ఆ ఎర్రచీర ఆమె జర తొందరపడ్తుంది," అన్నాడు చివరికి. "నిమ్మళంగ పాడుమని చెప్పు."