రేపల్లె లైను పాట

ఈ మధ్య సినిమా హాళ్ళలో సీట్లు మరీ మెత్తగా చేసేశారు. పూర్వం చెక్క కుర్చీలో కూర్చుంటే సినిమా ఎలా ఉన్నా నడుము నొప్పి పుణ్యమా అని మెలకువగా ఉండేవాళ్ళం. ఇప్పుడు తెనాలిలో కొత్తగా కట్టిన హాల్లో పక్కనున్న మీట నొక్కితే కాళ్ళు పైకి లేస్తాయి, తల వెనక్కి వాలుతుంది, పళ్ళ డాక్టరు ఇప్పుడే వస్తాడేమో అనిపిస్తుంది. ఆ భంగిమలో మనిషి నవ్వగలడు, నిద్రపోగలడు, బాధపడటం మాత్రం చాలా కష్టం. ఈ సంగతి నాకు పోయిన ఆదివారమే తెలిసింది. అంతకు ముందు హాల్లో బాధపడే అవసరం రాలేదు.

సినిమా మంచిదే. నలుగురు కుర్రాళ్ళు కలిసి బ్యాండు పెడతారు. ఒక్క పాటతో రాత్రికి రాత్రి పేరొచ్చేస్తుంది. తర్వాత ఒక తగాదా, కాస్త వాన, చివర్లో అందరూ ఒకళ్ళనొకళ్ళు కావిలించుకుని అదే పాట మళ్ళీ పాడతారు. హాలంతా ఈలలు. నా పక్క సీట్లో మా మేనత్త కొడుకు పాప్‌కార్న్ పొట్లం ఒళ్ళో పెట్టుకుని, సీటు వాల్చకుండా, బస్సులో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని చూశాడు. దీపాలు వెలిగాక నా వైపు తిరిగి, "బానే తీశాడు బావా" అన్నాడు. పొట్లం నిండుగానే ఉంది.

మాకూ ఒక బ్యాండు ఉండేది. మా వైపు బ్యాండంటే పెళ్ళి ఊరేగింపులో ముందు నడిచే ఎర్రకోట్ల వాళ్ళనుకుంటారు కాబట్టి ఆర్కెస్ట్రా అని చెప్పుకునేవాళ్ళం. దానికి ఇంగ్లీషులో ఒక పేరు, ఆ పేరు చివర 'వాయిసెస్' అని బహువచనం. పాడేది మాత్రం మా మేనత్త కొడుకు ఒక్కడే. కీబోర్డు వాయించే ఆయన రేపల్లెలో లూథరన్ చర్చిలో ఆదివారాలు వాయించేవాడు, మాకంటే పెద్దవాడు, అందరం అన్నయ్యా అనేవాళ్ళం. ప్యాడ్లు వాయించేది తెనాలిలో దర్జీ కొట్టు వాళ్ళబ్బాయి. అతన్ని భాయ్ అనేవాళ్ళం. చిన్నప్పటి నుంచీ కుట్టుమిషను తొక్కడం వల్లే తనకి లయ అబ్బిందని అతని వాదన. ఇక నేను. నాకు ఏ వాయిద్యమూ రాదు, గొంతూ లేదు, కానీ డిగ్రీ ఉంది. అందుకని మైకు ఇచ్చి పాటకీ పాటకీ మధ్య మాట్లాడమన్నారు. ఇప్పుడు జూనియర్ కాలేజీలో కామర్సు చెబుతున్నాను. పనిలో పెద్ద తేడా ఏం లేదు.

మేం సొంతంగా కట్టుకున్న పాట ఒకటుండేది. 'ఏ ఊళ్ళో ఉన్నావే పిల్లా' అని పల్లవి. మొదటి చరణంలో వెన్నెల, మల్లెపూలు, వగైరా. రెండో చరణం అన్నయ్య రాశాడు. అందులోనూ వెన్నెలే, కాకపోతే సంస్కృతంలో. వేమూరులో ఒక పెళ్ళి రిసెప్షనులో ఆ సంస్కృతం దగ్గరికి వచ్చేసరికి మావాడు మర్చిపోయాడు. అన్నయ్య అదే ముక్క రెండుసార్లు వాయించి వాడి వంక చూశాడు. మూడోసారి వాయిస్తే జనానికి తెలిసిపోతుంది. అప్పుడు వాడి నోట్లోంచి, రోజూ కాలేజీకి పాసింజరు బండిలో రేపల్లె నుంచి తెనాలి వెళ్ళొచ్చే మనిషి నోట్లోంచి ఏది రావాలో అదే వచ్చింది. "చినరావూరులో ఉన్నావా, జంపనిలో ఉన్నావా, వేమూరులో ఉన్నావా..."

అంతే. పెళ్ళికొచ్చిన వాళ్ళంతా ఆ లైను మీది ఊళ్ళ వాళ్ళే. ఎవరి ఊరి పేరు వినపడితే వాళ్ళు లేచి అరుస్తున్నారు. వాడు ధైర్యం తెచ్చుకుని ముందుకెళ్ళాడు. పెనుమర్రు దగ్గర ఆ 'ర్ర'ని నాలుక మీద దొర్లించి వదిలిపెట్టలేదు. భాయ్ ప్యాడ్ల మీద దానికి రైలు చక్రాల చప్పుడు జోడించాడు. తర్వాత భట్టిప్రోలు, పల్లికోన, ఆఖరికి రేపల్లె. రేపల్లెతో పట్టాలు అయిపోతాయి కాబట్టి పిల్ల అక్కడ దొరికి తీరాలి, దొరికింది. పెళ్ళికొడుకు భోజనం మధ్యలో ఎంగిలి చేత్తో లేచొచ్చి మళ్ళీ పాడించుకున్నాడు. ఎవరో సెల్‌ఫోనులో తీశారు. వారం తిరిగేసరికి ఆ వీడియో మాకంటే ముందు అన్ని ఊళ్ళకీ వెళ్ళిపోయింది.

పేరు రావడమంటే ఏంటో మాకు పాసింజరు బండిలోనే తెలిసింది. మావాడు ఎక్కగానే కిటికీ పక్క సీటు ఖాళీ అయ్యేది. "నువ్వు కూర్చో తమ్ముడూ, మేం రోజూ కూర్చునేవాళ్ళమేగా" అనేవారు పెద్దవాళ్ళు. వాడి పక్కన నిలబడ్డందుకు నాకూ అరసీటు దొరికేది. బాపట్లలో కాలేజీ వార్షికోత్సవానికి పిలిచారు. పాట అయ్యాక ముందు వరసలోంచి ఒకాయన లేచి, "మా బాపట్ల లేదేంటండీ?" అని నిలదీశాడు. అది వేరే లైనండి అని నేను మైకులో నచ్చజెప్పబోయాను. ఆయన వినలేదు, వెనక వాళ్ళు ఆయన కంటే వినలేదు. అప్పటికప్పుడు మావాడు నిడుబ్రోలు, అప్పికట్ల, బాపట్ల కలిపి ఇంకో చరణం పాడాడు. ఆ సాయంత్రం సూర్యలంక సముద్రం ఒడ్డున ఇసకలో కూర్చున్నప్పుడు అన్నయ్య, "ఇది పాటేనా, టైం టేబులా?" అని విసుక్కున్నాడు. భాయ్ మాత్రం, "టైం టేబులైతే లేటవుతుంది అన్నయ్యా, మనవాడు ఏ స్టేషన్లోనూ లేటు లేడు" అన్నాడు. అంతగా నవ్వుకున్న సాయంత్రం ఆ తర్వాత నాకు గుర్తులేదు.

ఆ తర్వాత హైదరాబాదు నుంచి టీవీ వాళ్ళ ఫోను. పాటల పోటీ, ఆ పాటే పాడాలి, గెలిస్తే సినిమాలో అవకాశం. సినిమాల్లో పాడాలని మావాడికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. మేం బయల్దేరేముందు వారం రోజులూ వాడు పాసింజరు బండి ఆగిన ప్రతిచోటా చెప్పాడు, మీ ఊరి పేరు టీవీలో వస్తుందని. వాళ్ళు అడగలేదు, వీడే చెప్పాడు.

అక్కడ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్న కుర్రాడొకడు, చాలా మర్యాదస్తుడు, కాగితం చూసి, "జంపని అంటే ఏంటండీ?" అని అడిగాడు. ఊరండి అన్నాం. "ఎవరికి తెలుసండి?" అన్నాడు. మాకు తెలుసు అని చెప్పడం బాగోదనిపించింది. పెద్ద ఊళ్ళ పేర్లు పెట్టుకోండి, లేకపోతే వేరే పాటేదైనా పాడండి, మీ ఇష్టం అన్నాడు. మా ముగ్గుర్నీ ప్రేక్షకుల్లో కూర్చోబెట్టారు. వాళ్ళ వాయిద్యాల వాళ్ళు మా కంటే బాగా వాయించారు. మావాడు విజయవాడలో ఉన్నావా, వైజాగులో ఉన్నావా, తిరుపతిలో ఉన్నావా అని ఒక్క తప్పు లేకుండా పాడాడు. ఆ పిల్ల తిరుపతిలో ఉంటే వాడికేం, లేకపోతే వాడికేం అన్నట్టుంది పాట. జడ్జీలు బాగుంది బాబూ అన్నారు. బాగుందంటే ఇక ఇంటికి వెళ్ళమని అర్థమని మాకు రైలెక్కేలోపే తెలిసింది.

అది టీవీలో రావడానికి ఇంకా వారముంది. తిరుగు ప్రయాణంలో పాసింజరు బండిలో అందరూ అడిగారు, మా ఊరు వచ్చిందా అబ్బాయ్ అని. వాడు కిటికీ పక్క సీట్లో కూర్చుని, "చూస్తారుగా, చూడండి" అన్నాడు. ఆ వారమంతా అదే జవాబు. టీవీలో వచ్చిన మర్నాడు మేం ఎక్కితే అందరూ కిటికీల్లోంచి పొలాల వంక చూశారు. సీటు కూడా ఇవ్వలేదు. తెనాలి నుంచి రేపల్లె దాకా నిలబడే వచ్చాం.

తగాదా ఏం జరగలేదు. సినిమాలో వాళ్ళకి అదొక సౌకర్యం, తగాదా ఉంటే కలుసుకోవచ్చు. అన్నయ్య చర్చి కీబోర్డుకీ, భాయ్ మిషనుకీ వెళ్ళిపోయారు. మావాడు తెనాలిలో ఎరువుల కొట్టులో లెక్కలు చూస్తాడు. రోజూ రేపల్లె నుంచి మోటారు సైకిలు మీదే వెళ్ళొస్తాడు, వానైనా ఎండైనా. రైలు సుఖం కదరా అంటే, టైము కుదరదు బావా అంటాడు. వాడు స్నానాల గదిలో కూడా పాడటం మానేశాడని మా మేనత్త ఒకసారి చెప్పింది.

పోయిన ఆదివారం వాడి బండి మెకానిక్కు దగ్గరుంది. అందుకని సినిమా అయ్యాక సాయంత్రం పాసింజరే ఎక్కాం. మాకెదురుగా తెనాలి మార్కెట్లో కూరగాయలమ్ముకుని తిరిగెళ్తున్న ఒక పెద్దావిడ, కాళ్ళ దగ్గర ఖాళీ గంప. జంపని దాటేదాకా మావాడి మొహమే చూసింది.

"నువ్వు ఊళ్ళ పాట పిల్లాడివి కదూ? జుట్టంతా ఏమైపోయింది?"

"పోయింది పిన్నీ" అన్నాడు వాడు. అని నవ్వాడు.

"మాది పెనుమర్రు. మా ఊరి పేరు కాడ గొంతు గిర్రున తిప్పేవాడివి."

"దాంట్లో 'ర్ర' ఉంది కదా పిన్నీ. అక్కడ కాసేపు నిలబడొచ్చు."

వేమూరు వెళ్ళిపోయింది. వాడు కిటికీ లోంచి బయటికి చూస్తూ ఉన్నాడు. మోకాలి మీద వేళ్ళు భాయ్ వేసే చక్రాల చప్పుడు వేస్తున్నాయి, వాడికి తెలిసి వేస్తున్నాయో లేదో. తర్వాత గొంతు సవరించుకున్నాడు. ఆ చప్పుడు విని ఎన్నేళ్ళయిందో. నేను అటూ ఇటూ చూడటం మానేసి బూట్ల వంక చూసుకుంటూ కూర్చున్నాను.

"పాడనా పిన్నీ?" అన్నాడు. "మీ ఊరొచ్చేలోపు అయిపోతుంది."

బండి అప్పటికే నెమ్మదించింది. ఆవిడ లేచి గంప చంకనెత్తుకుంది.

"ఇప్పుడెందుకులే నాయనా. ఆ రోజు ఊరంతా టీవీ ముందు కూర్చున్నాం. అప్పుడు పాడాల్సింది."