ఎరిగినవారి సంతకం

వరద తీసిన మూడో రోజు, మా పన్నుల ఆఫీసు రిజిస్టర్లను తోపుడు బండి మీద వేసుకుని బైండింగ్ అక్క కొట్టుకు వెళ్లాను. కింది అరలో ఉన్న పదిహేడూ నానిపోయి దిండ్లలా ఉబ్బాయి. పై అరలో ఎందుకు పెట్టలేదని అడక్కండి. అక్కడ మా ఆఫీసు పెద్దాయన పాత ఫ్యాన్లు దాచుకుంటాడు.

ఆ రిజిస్టర్లు ఆరితే తప్ప ఊళ్లో కొట్లవాళ్లెవరికీ గతి లేదు. నిరుడు పన్ను కట్టినట్టు వాటిలో కనిపిస్తేనే ఈ ఏటి పన్ను మాఫీ అవుతుంది, కొట్టు బాగుచేసుకోవడానికి సాయం అందుతుంది.

అక్క కొట్టులోకీ నడుము దాకా నీళ్లొచ్చాయి. కటింగ్ మిషను తుప్పు పట్టింది, అట్టలన్నీ ముద్దయ్యాయి. వాటినలా వదిలేసి ఆమె ముందు మా పుస్తకాల కుట్లు విప్పింది. పేజీ పేజీకీ మధ్య తడి పీల్చే కాగితం పెట్టి గంటకోసారి మార్చింది. ఎండలో పెడితే త్వరగా ఆరవా అని నా తెలివి చూపించుకున్నాను.

"వంకర తిరిగిపోతాయి బాబూ," అంది. ఆ పూటకి అదే మాట. ఆమె మాటలు కూడా కొలిచి కోసినట్టుంటాయి.

పెళ్లి చేసుకోలేదు. పని తండ్రి నేర్పిందే, కూర్చునే పీటా ఆయనదే. వెలుతురు కొట్టు వెనక గోడ కిటికీలోంచి వస్తుంది కనుక వీధికి వీపు పెట్టి కూర్చుంటుంది. వచ్చినవాళ్లు పుస్తకం బల్ల మీద పడేసి, ఎప్పటికి కావాలో ఆ వీపుకే చెప్పి పోతారు. ఊళ్లో సగం పుస్తకాలకు ఆమె చెయ్యి తగిలింది, ఆమెకు మాత్రం పలకరింపు కరువు. అప్పట్లో నాకిదంతా పట్టలేదు. నా పుస్తకాల గొడవ నాది.

ఆరో రోజుకి అందరి పేజీలూ తేటపడ్డాయి, ఆమెది తప్ప. అక్కడ సిరా అంతా కరిగి నీలం మరకై కూర్చుంది. రసీదు చూపిద్దామంటే అదీ వరదపాలే.

"అక్కా, పుస్తకం మీ చేతిలోనే ఉందిగా. ఆ నాలుగు అంకెలూ మీరే దిద్దేయండి. నేను చూడలేదనుకోండి," అన్నాను. నా నీతి అంతవరకే.

"నేను కుట్టేదాన్ని బాబూ. రాసేదాన్ని కాదు."

ఇంకో దారి ఉంది. మాఫీ దరఖాస్తు వెనక, ఆమెను అయిదేళ్లకు తక్కువ కాకుండా ఎరిగినవారెవరైనా ఒకరు ఆ సంగతి రాసి సంతకం చేస్తే చాలు. శనివారం ఆఖరి రోజు. ఆఫీసువాణ్ణి కనుక నా సంతకం చెల్లదు. కాగితం ఆమె చేతికిచ్చి, "ఒక్క సంతకమేగా, చిటికెలో పని," అని వచ్చేశాను.

శనివారం మధ్యాహ్నం రిజిస్టర్ల కోసం వెళ్లేసరికి దరఖాస్తు బల్ల మీదే ఉంది. ముందువైపంతా పొందికగా నింపింది. వెనకవైపు తెల్లగా ఉంది.

"ఎవరినీ అడగలేదా అక్కా?"

"ఎవరిని అడగాలి? నాలుగు రోజుల్నుంచీ అదే ఆలోచిస్తున్నా బాబూ. ఒక్కరూ తట్టలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. చిటికెలో పని అన్న పెద్దమనిషిని నేనే.

ఎదురు కొట్టులో తాళాలు బాగుచేసే ఆయన బురద కడుక్కుంటున్నాడు. ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉన్నాడు. రమ్మని ఆమెను బతిమాలాను. మధ్యలో వీధి పది అడుగులుంటుందేమో. దాన్ని దాటడానికి ఆమె చేతులు కడుక్కుంది, జుట్టు సర్దుకుంది, చెప్పులు వెతుక్కుంది.

సంగతి వినగానే తాళాలాయన తడి చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు. "దానికేం భాగ్యం! రోజూ చూస్తున్న మనిషేగా," అంటూ కాగితం మోకాలి మీద పెట్టుకుని ముందు సంతకం గీసేశాడు. దాని పైన 'ఫలానా వారిని నేను ఎరుగుదును' అని రాయాలి. కలం ఆగింది. తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"ఏమీ అనుకోకమ్మా. నీ పేరేంటి?"

ఆమె చెప్పింది. వినపడలేదన్నాడు. గొంతు సవరించుకుని మళ్లీ చెప్పింది.

ఆఫీసు మూసేలోగా దరఖాస్తు నేనే అందించాను. పన్ను మాఫీ అయింది, సాయమూ వచ్చింది. కానీ ఆ రోజు వీధి దాటి వెనక్కి వస్తూ ఆమె నాతో ఒక మాట అంది.

"మా నాన్న పోయాక నన్నెవరూ పేరడగలేదు బాబూ."

ఆరేళ్లుగా వస్తున్న నేనూ అడగలేదు.