ఓబులమ్మ తోమిన పింగాణీ గిన్నెలు

ఓబులమ్మ తోమిన గిన్నెలో మొహం చూసుకోవచ్చు. ఆ మాట ఎవరన్నా అంటే ఆమెకు ఆ పూట అన్నం కూడా అక్కర్లేదు. ఆత్మకూరులో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పాత్రలు కడిగే పని ఆమెది. సబ్బంటే చిన్నచూపు. ఉదయగిరి పక్క తన ఊరి నుంచి చింతకట్టెల బూడిద జల్లించి సంచిలో తెచ్చుకునేది. సబ్బు నీళ్లిస్తే, "నురగ తప్ప ఏముండాది దీంట్లో?" అని మూతి తిప్పేది.

ఆ ల్యాబులోనే దివ్యశ్రీ పీహెచ్‌డీ చేస్తోంది. సీతారామపురం పిల్ల, గొర్రెల కాపరి కూతురు. ఏమీ తినకుండా బస్సు దిగే ఆ పిల్లకు ఓబులమ్మ తన సద్దిలో సగం పెట్టేది. ఆ పిల్ల గిన్నెలకైతే ఇంకో గుప్పెడు బూడిద వేసి మరీ తోమేది. ప్రేమ ఉన్నచోట చెయ్యి ఊరుకోదు కదా!

దివ్యశ్రీ చేసేది జియోలైట్ పొడి. అది కంటికి కనపడని బొక్కలుండే రాయి. ఆ బొక్కల్లోని ఆమ్లగుణమే నూనెల్ని విరగ్గొట్టి వేరే సరుకుగా మారుస్తుంది. ఆమె పొడి మాత్రం ఎన్నిసార్లు చేసినా ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండేది. "ఈసారీ ఇంతే అయితే టాపిక్ వదిలేద్దాం," అన్నాడు గైడు గోవిందయ్య సారు. అంటే పడిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

పొడిని తిరుపతికి పరీక్షకు పంపితే అందులో పొటాషియం ఉందని తేలింది. తను వాడని పొటాషియం ఎక్కడిది? ఆలోచిస్తూ కొళాయి దగ్గరికొచ్చిన దివ్యశ్రీ, ఓబులమ్మ చేతిలోని గిన్నెను చూసి ఆగిపోయింది. పొడిని పోసి కొలిమిలో కాల్చేది ఆ పాత పింగాణీ గిన్నెల్లోనే. నునుపు పోయిన ఆ గిన్నెలు బూడిద నీళ్లను పీల్చుకుంటున్నాయి.

"అవ్వా, ఈ పొడికి పులుపే ప్రాణం. బూడిదలో ఉండే పొటాషియం క్షారం ఆ పులుపుని చంపేస్తాది."

"నా బూడిదేనా తల్లీ ఇంత పని చేసింది?" ఓబులమ్మ అక్కడే కూలబడింది. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, ఆ పిల్ల చదువును తన చేత్తోనే చెడగొట్టానన్న బాధే ఆమెను తినేసింది.

సంగతి విన్న సారు, "ఆమెను ఇంక గిన్నెలు ముట్టనీయొద్దు," అన్నాడు. గుమ్మం అవతల ఓబులమ్మ తల వంచుకుంది.

"తప్పు నాది సార్. ఎట్లా కడగాలో నేనే చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను, అవ్వే కడుగుతాది," అంది దివ్యశ్రీ.

కొత్త గిన్నెలు తెచ్చి ఓబులమ్మ చేతిలోనే పెట్టింది. ముందు యాసిడ్ నీళ్లు, తర్వాత డిస్టిల్డ్ వాటర్. ఓబులమ్మ చెప్పినట్టే కడిగింది. ఈసారి పొడి పనిచేసింది. దివ్యశ్రీ సారు కన్నా ముందు ఆమె దగ్గరికే పరుగెత్తింది.

ఓబులమ్మ ఆ పిల్ల చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "ఎన్ని ఇళ్లలో తోమినానో. గిన్నె పగిలినా, పాలు విరిగినా నన్నే అన్నారు. తప్పు నీ మీదేసుకుని నా తరపున మాట్లాడింది నువ్వొక్కదానివే తల్లీ."