ఆదివారం లేచే గీత

లాక్‌డౌన్‌లో నా పీహెచ్‌డీ అంతా డ్రెస్డెన్‌లోని ఒక ఇరుకు గదిలో, లాప్‌టాప్ తెర మీద ఒక గీతగా మిగిలింది. ఇండోనేషియాలో ఒక అగ్నిపర్వతం వాలున నేలలో పాతిపెట్టిన ఎలక్ట్రోడ్ల మధ్య వోల్టేజీ అది. లోపల వేడినీళ్లు కదిలితే గీత మారాలి. ఏటా వెళ్లి వాటిని చూసుకోవాల్సింది నేనే, కానీ విమానాలు ఆగిపోయాయి. కాంట్రాక్టు ఇంకో ఆరు నెలలు. ఆ తర్వాత వీసా కూడా ఉండదు. గీత మాత్రం ఏడాదిగా చచ్చినట్టు పడి ఉంది.

వేసవిలో హఠాత్తుగా అది లేచింది. దిగింది, మళ్లీ లేచింది. కొండ కింద ఏదో కదులుతోందని ప్రొఫెసర్‌కు వీడియో కాల్‌లో గొప్పగా చూపించాను. వెంటనే పేపర్ రాయమన్నారు.

"ఇంక గట్టెక్కేసినట్టే అక్కా! వీసా పొడిగింపుకి అపాయింట్‌మెంట్ బుక్ చేసెయ్," అంది నా గదిలో ఉండే గుంటూరు అమ్మాయి.

పేపర్ కోసం తేదీలు రాసుకుంటుంటే తెలిసింది, అన్నీ ఆదివారాలే. కొండకేం తెలుసు ఆదివారం? ఆ వాలు మీదే లవంగాల తోట చేసుకుంటూ మా పరికరాలకు కాపలా ఉండే పెద్దాయనకు ఫోన్ చేశాను.

"వానలు ఆగిపోయాయి కదమ్మా. వైర్ల దగ్గర మట్టి ఎండనివ్వొద్దని నువ్వేగా చెప్పావు? పని లేని రోజు రెండు క్యాన్లు మోసుకెళ్లి నీళ్లు పోసొస్తున్నా," అన్నాడు సంతోషంగా.

అన్నాను. రెండేళ్ల కిందట, జీపెక్కుతూ, మాటవరసకి అన్నాను. తడిసిన మట్టికే గీత లేస్తోంది. తిట్టడానికి కూడా మనిషి లేడు, నేను తప్ప.

"ఈ ఆదివారం పోయకండి," అన్నాను.

ఆ ఆదివారం చర్చి ఆన్‌లైన్ ఆరాధనను మ్యూట్‌లో పెట్టి, గీత ముందు మోకరించాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, 'ప్రభువా, ఆ కొండ నిజంగానే పొంగాలి' అని ప్రార్థించాను. ఏడుస్తూ అడిగాను. మధ్యాహ్నమైనా గీత లేవలేదు.

అప్పుడు పెద్దాయన నుంచి ఒక ఫోటో, దాని కింద ఒక మెసేజ్ వచ్చాయి. "ఇవాళ పోయలేదమ్మా. నీ వైర్లు బాగున్నాయా?"

ఫోటోలో ఆయన ఇల్లు. పెరట్లో పిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి. వాటి వెనకే, ఇంటి మీదికి వంగినట్టుగా, పొద్దుటి నుంచీ నేను పొంగమని ప్రార్థించిన కొండ.

బాగానే ఉన్నాయని రాశాను.