క్యాంప్ 2లో గీత మీద పెట్టిన రేడియో

పాత ట్రాన్సిస్టర్లు పోగుచేసే పిచ్చి నాది. ఇంకొకటి తెస్తే మీరూ దాంతోపాటు వీధిలోనే అని మా ఆవిడ ఎప్పుడో చెప్పేసింది. అయినా భిలాయిలో మూడు బ్యాండ్ల రేడియో ఒకటి తోలు తొడుగుతో సహా ఉందని తెలిసినవాళ్లు ఫొటో పంపేసరికి ఆగలేకపోయాను. విజయనగరంలో రాత్రి బండెక్కి పొద్దున్నే రాయ్‌పూర్‌లో దిగాను. అక్కడి నుంచి లోకల్‌లో గంటలోపే పవర్‌హౌస్ స్టేషన్. బయట షేర్ ఆటోకి ఇరవై రూపాయలు. "రేడియో కోసమా భయ్యా? ఇప్పుడెవరు వింటారు?" అని ఆటో అతను హిందీలో నవ్వాడు.

క్యాంప్ 2 అనే కార్మికుల బస్తీలో, ఇరుకు సందులో అప్పలనరసమ్మ గారి ఇల్లు. ఉక్కు ప్లాంటులో పనిచేసిన ఆమె భర్త కిందటేడు పోయారు. రేడియో గూట్లోనే ఉంది. దాని కింద సిమెంటు మీద ఏటవాలుగా మేకుతో గీసిన గీత. మీడియం వేవ్ రేడియోను సరైన వైపు తిప్పితేనే దూరపు స్టేషన్ అందుతుంది. గరివిడి దగ్గర పల్లె నుంచి వచ్చిన ఆ మనిషి, విశాఖ స్టేషన్ కోసం వెతికి వెతికి గీసుకున్న గీత అది.

"ఆయన పోయాక ముట్నేదు బాబూ. పొద్దుగూకాక ఎట్టి సూడు. పలికితే ఇవ్వను. పలక్కపోతే పట్టుకుపో," అన్నారామె.

అంత దూరం వెళ్లింది రేడియో కోసమే, అయినా పలకాలనే కోరుకున్నాను. సాయంత్రం తిరుగు బండి వదిలేసుకున్నాను. చీకటి పడగానే కొత్త సెల్లులు వేసి గీత మీద పెట్టాను. బరబర తప్ప ఏమీ లేదు. అది తగ్గుతుందేమోనని ఇంట్లో లైట్లన్నీ ఆర్పించాను. చుట్టుపక్కల ఇళ్ల లైట్లు, ఛార్జర్ల రొద మాత్రం ఆగలేదు.

"బయల్లో అయితే పడొచ్చమ్మా. ఊరి బయట నందిని వైపు తీసుకెళ్తాను," అన్నాను.

"నందినెల్లి ఏటింటాను? ఆయన ఈ గూటికాడ కూకునే ఇనీవోడు," అంటూ రేడియో తుడిచి నా చేతిలో పెట్టారు. కావలసింది దొరికినా ఆ రాత్రి లాడ్జిలో అన్నం సయించలేదు.

ఇలాంటి రేడియోల కోసం వెళ్లేవాళ్లు కొత్త సెల్లులు పట్టుకెళ్లండి, తిరుగు బండి మాత్రం మర్నాటికే పెట్టుకోండి. దూరపు స్టేషన్ పగలు అందదు.

విజయనగరంలో మా ఇంట్లో దాన్ని ఎటు తిప్పినా విశాఖ గట్టిగా పలుకుతోంది. మొన్న ఆమెకు ఫోన్ చేసి, రేడియో దగ్గర పెట్టి వినిపించాను. కాసేపు విన్నారు.

"ఇంత దగ్గిరగా ఇనబడితే మా ఊరు లాగ నేదు బాబూ. ఇంక రేడియో కట్టీ," అన్నారు.