కిటికీలోంచి చెయ్యి

మదరాసులో శాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్న తిరుమలసామికి సర్కారువారు ఇచ్చిన ఉద్యోగం ఆరు నెలలది. ఆరు అయ్యాక మరో ఆరు, ఆ తర్వాత ఇంకో ఆరు. మూడేళ్లుగా మధుర ఆరోగ్యశాఖలో పరిశోధకుడిగా అలాగే వేలాడుతున్నాడు. ఊళ్లోవాళ్ల దృష్టిలో మాత్రం పెద్ద డాక్టరు!

ఈసారి శాఖ పెద్ద అయిన దొర తేల్చి చెప్పాడు. మశూచి టీకా మందును గ్లిసరిన్‌లో కలిపి ఆరు వారాలు ఎండల్లో ఉంచారు. అది ఇంకా పనిచేస్తుందా? పన్నెండుమంది పిల్లలకు వేస్తే పదిమందికి పొక్కు లేవాలి. లేస్తే ఉద్యోగం ఖాయం. లేదంటే నెలాఖరుకి ఇంటికి.

ఆండిపట్టిలో తన సొంత వీధిలోనే వేశాడు. "ముందు నీ బిడ్డకి పొడువప్పా, ఆమీద మావాళ్లని అడుగు" అంది మేనత్త కుప్పమ్మాళ్. రెండేళ్ల కూతురు ఆరాయిని ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి గాటు ఆ పిల్లకే పెట్టి, మధుర వెళ్లిపోయాడు.

ఎనిమిదో రోజు దొరతో కలిసి బండి దిగేసరికి వీధంతా తలుపులు మూసి ఉన్నాయి. ఇంచుమించు ఇంటింటికీ వేపమండలు. పొక్కు లేచిందంటే వీళ్ల లెక్కలో అమ్మవారు ఇంటికి వచ్చినట్టే. బిడ్డ తలకు నీళ్లు పోసేదాకా బయటివాళ్లు గడప దాటకూడదు. పుట్టినప్పటినుంచి ఎరిగిన సంగతి, ఉద్యోగపు బెంగలో మరిచిపోయాడు మహానుభావుడు!

"చూడనిది రాయను. తలారిని పిలిచి తలుపులు తీయించు" అన్నాడు దొర.

తీయిస్తే ఈ వీధిలో ఇక తిరుమలసామి మొహం చూసేవాళ్లుండరు. తీయించకపోతే సున్నా. మేనత్త కిటికీ దగ్గరికి పోయి, "అత్తా, లోనికి రాము. మనవడి చెయ్యి మాత్రం బయట పెట్టు" అన్నాడు.

కుప్పమ్మాళ్ కిటికీ రెక్క కొంచెం తెరిచింది.

"అమ్మకి కోపం వస్తే?"

"గడప దాటలేదుగదా అత్తా."

బొద్దు చెయ్యి ఒకటి కిటికీ దాటి వచ్చింది. దానిమీద నిండైన పొక్కు. దొర వంగి చూసి తలాడించాడు. అది చూసి పక్కింటివాళ్లూ పెట్టారు, ఆపక్కవాళ్లూ పెట్టారు. మొత్తం తొమ్మిది చేతులు. మండ కట్టని ఇళ్లు రెండు, అక్కడ పిల్లల చేతులు నున్నగా ఉన్నాయి. మిగిలింది తన ఇల్లు. తలుపుకి మండ ఉంది.

దొర చెమట తుడుచుకుంటూ, "ఆకు ఉందిగా, పది రాసెయ్" అన్నాడు.

తిరుమలసామి ప్రాణం లేచొచ్చింది. అయినా కిటికీ దగ్గరికి వెళ్లి, "వళ్లీ, బిడ్డ చెయ్యి పెట్టు" అన్నాడు.

చెయ్యి రాలేదు. పెళ్లాం గొంతు మాత్రం సన్నగా వినిపించింది. "రాసేయండి మామా. నేనే కట్టితిని."

నిలువునా నీరైపోయాడు. అమ్మ రాకుండానే అమ్మ పేర మండ కట్టింది, తన ఉద్యోగం కోసం! దొర బండివైపు నడుస్తున్నాడు. మరొక్క నిమిషం ఊరుకుంటే చాలు. తిరుమలసామి మండ ఊడదీసి, "తొమ్మిదేనండి" అని కేకేశాడు.

ఉద్యోగం పోయింది. మధురలో సామాను అప్పగించి పొమ్మన్నారు. వెళ్లేముందు మిగిలిన గొట్టంలోని మందుతో ఆరాయి రెండో చేతికి మళ్లీ గాటు పెట్టాడు. తొమ్మిది రోజుల తర్వాత పెట్టె నెత్తినపెట్టుకుని తిరిగొచ్చేసరికి తలుపుకి వేపమండ వేలాడుతోంది.

"లోనికి రావద్దు మామా, బయటూరినుంచి వచ్చిండారు" అంది వళ్లి లోపలినుంచే.

కిటికీలోంచి చిట్టి చెయ్యి వచ్చింది. పొక్కు నిండుగా లేచింది. తిరుమలసామి పెట్టె దించి, ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని నడివీధిలో ఏడ్చాడు.

"పది" అన్నాడు పైకే.