ముందు చక్రాలు వెనక్కి, వెనక చక్రాలు ముందుకి

పెదపాడు దగ్గర మాకు చేపల చెరువుంది. నిరుడు మా పాత జీపుకి ఇంజన్ మార్పిస్తూ గేర్‌బాక్సూ, నాలుగు చక్రాలకీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసూ పాత సామాన్లలో నేనే ఏరి తెచ్చాను. ఆ కేసు నుంచి ముందు చక్రాలకి వెళ్లే షాఫ్టు ఎడమవైపు, అది తగలాల్సిన చోటు మా ముందు యాక్సిల్‌కి, అంటే ఇరుసుకి, కుడివైపు.

"ఇది కుదరదండీ, వేరేది చూడండి," అన్నాడు తాడేపల్లిగూడెం మెకానిక్.

"యాక్సిల్ బోర్లా తిరగేసి బిగించెయ్యవయ్యా, అదే ఎడమవైపుకొస్తుంది," అన్నాను. అతను ఏదో చెప్పబోతే వినలేదు.

రోడ్డు మీద జీపు వెనక చక్రాలతోనే బాగా నడిచింది. చేపలు పట్టే రోజున ఐసు వేసుకుని వెళ్తుంటే చెరువుగట్టు బురదలో దిగబడింది. వల లాగేవాళ్లందరూ చూస్తుండగా ముందు చక్రాలకీ శక్తి వెళ్లేలా దర్జాగా రెండో లివర్ వేశాను. వెనక చక్రాలు ముందుకి తిరిగితే, ముందువి వెనక్కి తిరిగాయి. యాక్సిల్ బోర్లిస్తే తిరిగే దిక్కు కూడా మారుతుందని అప్పుడు తెలిసింది. జీపు ఉన్నచోటే ఊగి ఇరుసుల దాకా కూరుకుపోయింది. ఐసు కరిగి కారుతోంది.

వల పెద్దాయన మెల్లగా దగ్గరికొచ్చాడు. "ఏవండీ, వలకైనా రెండు కొసలూ ఒకేవైపు లాగాలండీ."

చివరికి వల తాళ్లు కట్టి వాళ్లే బయటికి లాగారు. తర్వాత యాక్సిల్ మార్పించాను. అయినా ఆ లివర్‌కి మా ఆవిడ నిమ్మకాయల దండ కట్టింది. దిష్టి తగలకుండా కాదట, నా చెయ్యి తగలకుండానట.